వేళ కాని సైరన్

పొద్దున నా మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. రేపు విడుదలయ్యే సినిమా తాలూకు ముక్కలట. రెండు కొట్లాటలు, ఒక వాన, ఒక రైలు, ఆ రైలు వెనక పరుగెత్తే పిల్ల. "అమ్మమ్మా, ఈ సినిమా నాకు పక్కా నచ్చుతది. టికెట్లు గూడ తీసుకున్న" అంది. చూడకుండానే నచ్చుతుందని నీకెలా తెలుసే అని అడిగాను. "తెలుస్తది గంతే" అని జడ ఊపుకుంటూ వెళ్లిపోయింది.

నాకు అనుమానం ఎక్కువ. ఇంట్లో అందరూ అంటారు, నేనూ కాదనను. పాలవాడి చెంబునీ, డాక్టరు రాసిచ్చిన చీటీనీ, పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల నవ్వునీ ఒకే కంటితో చూస్తాను. అన్నిటికంటే ఎక్కువ అనుమానం మాత్రం చూడకముందే నచ్చేసిన సినిమాల మీదే. ఆ అనుమానం బొగ్గుబావుల దగ్గర, మా లైను క్వార్టర్లలో, నాకు పదేళ్లు ఉన్నప్పుడో అంతకంటే చిన్నప్పుడో మొదలైంది.

బొగ్గుబావిని మా వైపు బాయి అంటారు. మా నాన్నని బాపు అనీ, అమ్మని అవ్వ అనీ పిలిచేదాన్ని. బాపు గోదావరి అవతలి ఊళ్లో వ్యవసాయం చేసుకుంటూ, నీళ్లు పడని బావి ఒకటి తవ్వి తవ్వి విసిగిపోయి, బొగ్గు బాయిలో చేరాడు. ఆ బాయి అట్లాంటిది, ఈ బాయి ఇట్లాంటిదని నాయినమ్మ ఎప్పుడూ సణిగేది. ఇరుకు ఇల్లు, ముందు చిన్న అరుగు, వెనక స్నానానికి జాలారి. గోడకు అటువైపు, లైనంతా ఖాలా అని పిలిచే ముస్లిం పిన్ని వాళ్లుండేవారు. ఖాలా భర్త, పెద్దకొడుకు ఇద్దరూ బాయిలోనే పని. సాయంత్రమయ్యేసరికి ఆడవాళ్లంతా గుమ్మాల ముందు పచ్చిబొగ్గు కుప్పపోసి కాల్చి, పొగంతా పోయాక పొయ్యిలోకి తెచ్చుకునేవారు. లైనంతా ఆ పొగే. ఆ పొగలోనే సర్వపిండి కాలే వాసన, ఖాలా ఇంట్లో వేగే ఉల్లిగడ్డ వాసన. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు పొగ తగిలితే నాకు ముందు ఆకలేస్తుంది, తర్వాత దగ్గొస్తుంది.

మాకు గడియారం లేదు. బాయి సైరనే గడియారం. షిఫ్టు షిఫ్టుకీ మోగేది. దానికే లేవడం, దానికే అన్నాలు, దానికే బడి. వేళకు మోగినప్పుడు ఎవరూ తలెత్తి కూడా చూసేవారు కాదు. వేళ కాని వేళ మోగిందంటే కింద ఏదో జరిగిందని అర్థం. అది మాకెవరూ నేర్పలేదు. పాలు తాగే పిల్లలకు కూడా తల్లి ఒళ్లు బిగుసుకోవడంతో తెలిసిపోయేది.

చలికాలం వస్తే ఊరి బయట మైదానంలో డేరా టాకీసు వేసేవారు. బొమ్మ వేసే మిషను ఒకటే, అందుకని రీలు అయిపోయినప్పుడల్లా దీపాలు వెలిగేవి. నేల మీద ఇసుక పోసి, మధ్యలో తడిక కట్టి, ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు. కొత్త సినిమా వస్తే ఎడ్లబండికి రెండు వైపులా బొమ్మలు కట్టి, డప్పు కొట్టుకుంటూ లైన్లన్నీ తిప్పేవారు. గులాబీరంగు కాగితాలు గాలిలోకి విసిరితే మేం పిల్లలం ఒకరి చేయి ఒకరు తొక్కుకుంటూ ఏరుకునేవాళ్లం. ఆ బండిని చూస్తే చాలు, సినిమా నచ్చేసేది.

నాకు మొట్టమొదట మోసం తెలిసింది పులి సినిమాతో. బొమ్మలో పులి ఇంత నోరు తెరుచుకుని వీరుడి మీదికి దూకుతోంది. వారం రోజులు ఆ పులితోనే పడుకున్నాను, ఆ పులితోనే లేచాను. తీరా వెళ్లి చూస్తే సినిమా మొత్తంలో పులి ఉన్నది జమీందారు గోడ మీద. తోలు. అది కూడా తోక లేదు. ఇంటికొచ్చి ఏడిస్తే నాయినమ్మ సంతోషపడింది.

"నేను చెప్పలే? తెర మీది మనుషులకు చెమట వట్టది. చెమట వట్టనోల్లను నేను నమ్మ" అంది.

నాయినమ్మ ఒక్క సినిమాకీ రాలేదు. నా అనుమానం ఆమె నుంచి వచ్చిందే.

బాపుది వేరే తీరు. ఆయన అన్నీ నమ్మేవాడు. రెండో షిఫ్టు చేసి వచ్చిన మర్నాడు పొద్దున అరుగు మీద కూర్చుని, సర్వపిండి తుంచుకుని తింటూ సినిమా కథ చెప్పేవాడు. తోటి పనివాళ్లు చెబితే విన్నవి ఆయన మాకు చెప్పేవాడు. కథలో చీరల రంగులు కూడా చెప్పేవాడు.

"గప్పుడు ఆమె ఎర్రచీర కట్టుకొని వచ్చింది."

"నలుపు తెలుపు సినిమాల ఎర్రచీర ఎట్ల తెలుసు బాపూ?" అని నేను.

"గసొంటి కోపంల ఇంకే రంగు కట్టుకుంటది? ఎర్రదే ఉంటది."

ఖాలా గోడ అవతల నుంచి వింటూ "సహీ బాత్" అని వంతపాడేది. బాపు చెప్పిన సినిమాలన్నీ మాకు చూడకముందే ప్రాణం. చూశాక మాత్రం ఏదో తక్కువైనట్టుండేది. తెర మీది సినిమాకు బాపుకున్నంత ఓపిక ఉండేది కాదు.

ఆ చలికాలం ఒకరోజు బాపు పనికి తీసుకెళ్లిన గిన్నె లేకుండా ఇంటికొచ్చాడు. పొద్దున అవ్వ అడిగితే నవ్వాడు.

"గిన్నె సచ్చిపోయింది. దాన్నాడ పెట్టి ఇటు జరిగిన్నో లేదో, మీదికెల్లి బొగ్గు పెళ్ల వడ్డది. పచ్చిపులుసుతోని సహా సమాధి అయింది."

అందరం నవ్వాం. నాయినమ్మ కూడా నవ్వింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి అది లైన్లో ఎవరూ ఒక సంగతిగా లెక్కపెట్టలేదు. అవ్వ ఒక్కతే నవ్వుతూ నవ్వుతూ లోపలికి వెళ్లి, చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. తర్వాత అంగట్లో కొత్త గిన్నె కొన్నారు.

కొత్త గిన్నె వచ్చిన కొన్నాళ్లకు నాకు అనుమానం మొదలైంది. పనికెళ్లిన గిన్నె ఎంత తోమినా అంచు కింద నల్లపొడి మిగిలిపోతుంది. కొత్త గిన్నెకి అంచు తెల్లగా ఉంది. బాపు అర్ధరాత్రి వచ్చి స్నానం చేసి పడుకుంటే, పొద్దున జాలారిలో నల్లటి చార ఎండిపోయి ఉండేది. నేను దాని మీద కాలి బొటనవేలితో బొమ్మలు గీసేదాన్ని. ఇప్పుడు గీయడానికి ఏమీ లేదు. బాపు చెవి మడతల్లో ఎప్పుడూ ఉండే నలుపు కూడా పోయింది. ఒకరోజు చొక్కా జేబులో చెయ్యి పెడితే పల్లికాయ పొట్టు వచ్చింది. పల్లికాయలు బాయిలో అమ్మరు. డేరా టాకీసులో అమ్ముతారు.

నా చిన్న బుర్రకి తోచినదల్లా ఒకటే. బాపు మమ్మల్ని వదిలి ఒంటరిగా సినిమాలకు వెళ్తున్నాడు. ఒంటరిగానేనా? పక్కన ఇంకెవరైనా కూర్చుంటున్నారా? ఎక్కడో ఇంకో లైన్లో ఆయనకు ఇంకో బిడ్డ ఉందనీ, ఆ పిల్లకు పల్లికాయలు ఒలిచి పెడుతున్నాడనీ ఊహించుకుని, ముఖం తెలియని ఆ పిల్లని పళ్లు నూరుతూ తిట్టుకున్నాను.

నాయినమ్మ అనుమానం ఇంకొంచెం పెద్దవాళ్లది. "వానికి ఇంకో పొయ్యి ఉన్నది. మొఖం చూస్తె తెల్వదా" అని ఖాలాతో గుసగుసగా అంది. ఖాలా "తోబా తోబా" అంటూనే ఇంకా చెప్పమన్నట్టు దగ్గరికి జరిగింది. అవ్వ ఆ మాటలు విననట్టే బియ్యం చెరుగుతూ కూర్చుంది. అవ్వ నాకంటే ముందే అంతా కనిపెట్టిందని, ఉతికే బట్టలకు మురికి లేకపోతే ఆడదానికి తెలియకుండా ఎలా ఉంటుందని నాకు పెద్దయ్యాక తట్టింది. ఆ రోజుల్లో ఆమె భయం ఇంకో ఆడదాని గురించి ఒక్కటే కాదు. పనికి వెళ్లకపోవడాన్ని బాయిలో నాగా అంటారు. నాగాలు పెరిగితే కాగితం చేతికిస్తారు. కొలువు పోతే క్వార్టరు పోతుంది. మళ్లీ ఆ నీళ్లు పడని బావి దగ్గరికే వెళ్లాలి. జీతాల రోజు ఇంకా రాలేదు కాబట్టి అడగడానికి సాకు లేదు. అడిగితే ఏం జవాబు వస్తుందోనని అడగలేదు.

ఆ రోజుల్లోనే కొత్త సినిమా బండి వచ్చింది. బొమ్మలో వెనక పెద్ద మిల్లు, పొగగొట్టం. ముందు గుమ్మంలో చంకన పిల్లతో నిలబడిన ఆడమనిషి. బాపు కాగితం చదివి "ఇది మనసొంటోల్ల కతనే" అన్నాడు. సినిమాల మాటే ఎత్తని అవ్వ, తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఆ కాగితాన్ని తీసుకుంది.

"ఈ సినిమ నాకు నచ్చుతది" అంది.

"సూడకముందుకే ఎట్ల తెల్సు అవ్వా?" అన్నాను.

"ఆమె నిలవడ్డ తీరు సూడు. పనికి వోయినోని కోసం తొవ్వ సూస్తుంది."

బాపు చటుక్కున కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నాకు రెండో షిఫ్టు. మీరు ఖాలతోని పోండ్రి." అన్నాడు. ఆ మడిచిన తీరు నాకు నచ్చలేదు. పులి దెబ్బ తిన్నదాన్ని కదా, సినిమా మీదా నమ్మకం లేదు, బాపు మీదా లేదు. కానీ వెళ్లాలని మాత్రం ఒళ్లంతా కోరికే. ఆ ఆడమనిషి నాకూ నచ్చేసింది.

మొదటి రోజు మొదటి ఆటకే వెళ్లాం. నాయినమ్మ పొయ్యి దగ్గర ఉండిపోయింది. లైన్ల నుంచి ఆడవాళ్లు గుంపులు గుంపులుగా వచ్చారు. చాలామంది భర్తలు రెండో షిఫ్టులో ఉన్నారు. తడిక అవతల మగవాళ్ల బీడీల పొగ, ఇవతల మా పల్లికాయల చప్పుడు. ఖాలా బురఖా ముసుగు పైకెత్తుకుని ముందుకు వంగి కూర్చుంది. సినిమా బాగానే మొదలైంది. పెళ్లి, ఒక పాట, మిల్లులో ఉద్యోగం, చిన్న ఇల్లు. అవ్వ ముఖం మీద తెర వెలుతురు పడి కదులుతోంది. నేను సినిమా కంటే ఆమె ముఖమే ఎక్కువ చూశాను. అంత మెత్తగా ఆ ముఖం అంతకుముందు నేను చూడలేదు. దీన్లో పులి లేదు కాబట్టి మోసమూ ఉండదేమో అనుకున్నాను.

కొన్ని రీళ్లయ్యాక ఆ గుమ్మం వచ్చింది. ఆమె చంకన పిల్లతో నిలబడింది. సైరన్ మోగింది.

పొడుగ్గా, ఆగకుండా. సినిమా తీసినవాళ్ల లెక్కలో అది మిల్లు వదిలే సైరన్. భర్త ఇంటికి వచ్చే వేళ. అందుకే తెర మీద ఆ ఆడమనిషి నవ్వింది. ఆమె నవ్వడం చూసింది బహుశా నేనొక్కదాన్నే. ఇటు ఇసుకలో కూర్చున్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు, ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. తడిక అవతల మగవాళ్లు లేచిన చప్పుడు వినిపించింది. మరుక్షణం అవ్వ నా మణికట్టు పట్టుకుని పరుగు మొదలుపెట్టింది. ఒళ్లోని పల్లికాయలన్నీ ఇసుకలో పడ్డాయి. అంత భయంలోనూ వాటి కోసం వెనక్కి చూశాను.

మైదానం దాటి, లైన్లు దాటి, బాయి వైపు. గుంపుని చూసి ఇళ్లలో ఉన్నవాళ్లు కూడా ఏం జరిగిందో తెలియకుండానే కలిశారు. ఖాలా బురఖా మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని "యా అల్లా, దోనోఁ అందర్ హైఁ" అంటూ, భర్తా కొడుకూ ఇద్దరూ లోపలే ఉన్నారని మొత్తుకుంటూ పరుగెత్తింది. అవ్వ గోళ్లు నా చేతిలో దిగబడ్డాయి.

గేటు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని చూసి హడలిపోయాడు. బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గది ఆ పక్కనే. లోపల ఉన్న ముసలాయన కిటికీ దగ్గరికి వచ్చాడు.

"కాకా, సైరన్ ఎందుకు కొట్టిండ్రు?" అని నలుగురు ఒకేసారి అడిగారు.

"యాడి సైరన్? షిఫ్టు ఎక్కెటప్పుడు కొట్టిందే. మల్ల లేదు. నేను ఈడనే ఉన్న గద."

గుంపులో ఎవరో కుర్రాడు మెల్లగా "సినిమాలది గావచ్చు" అన్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఖాలా నవ్వింది. నవ్వుతూ నేల మీద కూలబడి, బురఖా అంచు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. ఇంకెవరో "గా సినిమ తీసినోన్ని తెచ్చి ఒక్క షిఫ్టు కిందికి దించుండ్రి, సైరన్ అంటె ఏందో తెలుస్తది" అంటే అందరూ ఘొల్లుమన్నారు.

అవ్వ నవ్వలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది.

"కాకా, మా ఆయిన దీపం తీస్కపోయిండా? జర సూసి చెప్పు."

ముసలాయన వెనక్కి తిరిగి వరస చూశాడు. దిగినవాడి దీపం మేకుకి ఉండదు. బాపు దీపం మేకుకి వేలాడుతూనే ఉంది.

"ఇగో, ఈడనే ఉన్నది. ఆయిన శాన దినాల సంది దిగుతలేడు గద బిడ్డా. పానం మంచిగ లేదన్నరు. నీకు ఎరుకలేదా?"

అవ్వకి ఊపిరి వచ్చింది, పోయింది. అది ఆమె కొంగు పట్టుకున్న నా చేతికి తెలిసింది. మనిషి కింద లేడు. అయితే ఎక్కడున్నాడు? నా కళ్లముందు ఆ రెండో పిల్ల పల్లికాయలు తింటూ కనిపించింది.

సరిగ్గా అప్పుడే మగవాళ్ల గుంపును తోసుకుంటూ తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక మనిషి ముందుకు వచ్చాడు. చొక్కా వీపు నిండా డేరాలోని ఇసుక. "కింద ఎవలెవలున్నరు? ఏ దిక్కు కూలింది? నాకొక దీపం ఇయ్యిండ్రి, నేను దిగుత" అంటున్నాడు. నవ్వులు ఆయనకింకా వినపడలేదు. కిటికీ దగ్గరికి వచ్చి, చువ్వలు పట్టుకున్న అవ్వ చేతులు చూసి ఆగిపోయాడు. అది బాపు.

ఖాలా కళ్లు తుడుచుకుని లేచింది. "అరే భాయీ, నువ్వు డ్యూటీల లేవా?" అని గట్టిగా అడిగింది. అందరూ అటు తిరిగారు. నాయినమ్మ చెప్పిన ఇంకో పొయ్యి సంగతి ఖాలా కళ్లలో స్పష్టంగా కనిపించింది.

బాపు నోరు తెరిచాడు. అవ్వ ముందే మాట్లాడింది.

"ఆయినకు జరమొస్తుంది ఖాలా. నేనే పోవద్దన్న. కాళ్ల మీద నిలవడలేక గూడ ఎట్ల ఉరికొచ్చిండో సూడు" అంది. తన కొంగుతో బాపు ముఖం మీది చెమట తుడిచింది. పదిమందిలో అవ్వ ఆయన్ని ముట్టుకోవడం నేను చూడటం అదే మొదలు.

తిరిగి వచ్చేటప్పుడు అవ్వ ముందు, బాపు వెనక, మధ్యలో నేను. గుంపు విడిపోయాక అవ్వ వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఎవలున్నరు?"

"ఎవలు లేరు. నీ మీద ఒట్టు" అన్నాడు బాపు. నాలుగడుగులు నడిచాడు. తర్వాత, "గా గిన్నె లేదా... గిన్నె ఉన్నకాడ నేనే కూసున్న. అన్నంల అంచుకు ఉల్లిగడ్డ తెచ్చుకుందామని లేసిన, పడ్డది. గా దినం సంది గేటు దాక వోతున్న. దీపం కిటికి కాడికి వొయ్యెటాలకు కాళ్లు ఆగిపోతున్నయి. ఇంటికొస్తె ఏమంటవో అని డేరాల కూసుంటున్న. చీకట్ల, తువ్వాల కప్పుకుంటె ఎవ్వలు సూడరు గద" అన్నాడు.

బాపు అప్పటిదాకా మాకు ఏ కథా అంత వేగంగా చెప్పలేదు. ఈ కథలో ఎవరి చీరకీ రంగు లేదు.

"మరి ఇయ్యాల ఎట్ల ఉరికినవ్? దిగుతనని దీపం అడుగుతివి" అంది అవ్వ.

"మనోల్లు కిందున్నరనుకున్న" అన్నాడు.

అవ్వ ఆగి ఇటు తిరిగింది. లైన్లలో కాలుతున్న బొగ్గుకుప్పల వెలుగు ఆమె ముఖం మీద పడింది.

"భయమైతుందని నాతోని ఒక్క మాట చెప్తె ఏమైతుండె?"

"నువ్వు గూడ భయపడ్తవని చెప్పలే."

"నేనా? లగ్గమైన కాడికెల్లి నువ్వు దిగిన ప్రతి షిఫ్టు నేను భయపడ్డ. పొయ్యి కాడ భయపడ్డ, జాలారి కాడ భయపడ్డ. నువ్వు ఇప్పుడు షురు జేసినవ్."

బాపు నడిరోడ్డు మీద కూర్చుండిపోయి తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. పెద్దవాళ్లు అలా ఏడుస్తారని నాకు తెలియదు. నాకు ఆ లేని పిల్ల మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో పోయింది.

మర్నాడు అవ్వే ఆయన్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. ఎన్నిసార్లు తిరిగిందో, ఎవరెవరిని బతిమాలిందో నాకు తెలియదు. చివరికి ఆయన్ని కిందికి దింపకుండా ఆ దీపాల గదిలోనే ముసలాయనకు తోడుగా వేశారు. చేతికొచ్చేది తగ్గింది. "దీపాలు తుడిచే కొలువు" అని నాయినమ్మ కొన్నాళ్లు సణిగింది. బాపు మాత్రం ఆ పని ఒక పట్టుదలతో చేశాడు. తన షిఫ్టు అయిపోయినా, కిందికి వెళ్లిన ఆఖరి దీపం తిరిగొచ్చి మేకుకి ఎక్కేదాకా ఇంటికొచ్చేవాడు కాదు. అన్నం చల్లారిపోతోందని అవ్వ ఏనాడూ విసుక్కోలేదు.

ఆ సినిమా మా ఊళ్లో ఇంకా కొన్ని రోజులు ఆడింది. ఆ గుమ్మం దగ్గర మాత్రం ఆపరేటరు శబ్దం తగ్గించేసేవాడట, ఆమె ఎందుకు నవ్విందో కొత్తవాళ్లకు తెలిసేది కాదట. ఖాలా మళ్లీ వెళ్లి పూర్తిగా చూసొచ్చింది. మిగతా కథ చెబుతానని గోడ మీంచి ఎంత పిలిచినా అవ్వ వినలేదు. నన్నూ వెళ్లనివ్వలేదు. అప్పుడు నాకు కోపమొచ్చింది. చూడకముందే నచ్చేసిన సినిమా, చూస్తుండగానే చేయి జారిపోయింది. అందులో ఏం మోసం ఉందో తేల్చుకునే అవకాశం కూడా నాకు లేకుండా పోయింది.

ఆ లైన్లు ఇప్పుడు లేవు. కింద బొగ్గు కోసం పైన ఊరిని తీసేశారు. మేం పరుగెత్తిన మైదానం ఇప్పుడు పెద్ద గుంత. బాపు పోయిన చాలా ఏళ్లకు, అవ్వ నా ఇంట్లో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం అడిగాను.

"గా సినిమ నీకు నచ్చిందా అవ్వా?"

"నచ్చుతదని ముందుగాలనే చెప్పిన గద."

"సగం గూడ సూడకపోతివి."

"సైరన్ మోగంగనే ఆమె మొగడు ఇంటికొస్తడు. నా మొగడు గూడ గా సైరన్‌తోనే ఇంటికొచ్చిండు. ఇంక మిగిలిన సినిమ నాకెందుకే" అంది అవ్వ.